మూడో బిళ్ళ

కూర్చున్నాను. ఇది ఏడోసారి. ఊళ్ళోంచి సిగ్నల్ బండ దాకా రావడానికి ఏడుసార్లు చతికిలబడ్డానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. ఇదే దారిలో నెత్తిన కట్టెలమోపుతో, వీపున పిల్లని కట్టుకుని, నోట్లో పాట ఆపకుండా దిగినదాన్ని, ఇప్పుడు చేతిలో ఉన్నదల్లా గుప్పెట్లో పట్టే ఫోను, దాన్ని మోయడానికే ఊపిరి చాలడం లేదు. బండ ఇంకా ఇరవై అడుగులుంది. తొందరేం లేదు, డాలీ పదకొండింటికి చేస్తానంది. డాలీ మా ఊరి ఆశా కార్యకర్త, ఇవాళ మీటింగుకని కింద ఆసుపత్రికి వెళ్ళింది, అక్కడ మంగ్లు కఫం పరీక్ష కాగితం వస్తుంది, చూసి చెబుతానంది. మంగ్లు నా మొగుడు. అతనికి టీబీ ఉందా లేదా అని కాదు నా భయం, ఉందని నాకు తెలుసు, ఆరు నెలల కిందట నేను దగ్గిన దగ్గే అతనిప్పుడు దగ్గుతున్నాడు, ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. అది మామూలుదా, మందులకి లొంగని మొండిదా, అదీ తేలాల్సింది. మొండిదైతే దాన్ని మొండిచేసింది నేను. నా చేత్తో నేనే.

వచ్చాను. బండ చల్లగా ఉంది, చీర తడిసిపోతుంది, పోనీ. ఊళ్ళో ఎక్కడా ఫోను పలకదు, ఈ బండమీద, అదీ ఈ అంచున, కుడిచెవికి పెట్టుకుంటేనే పలుకుతుంది. రెండు గీతలు కనిపిస్తున్నాయి. పుష్యమాసంలో పొద్దెక్కినా మంచు వదలదు, సిల్వరోకు చెట్లు సగం వరకే ఉన్నట్టుంటాయి, పైసగం ఎవరో ఎత్తుకుపోయినట్టు. కింద టైడాలో రైలు కూసింది. అద్దాలపెట్టెలో పట్నంవాళ్ళు కూర్చుని పోతుంటారు, మంచు ఎంత బాగుందో అని మురిసిపోతారట, మా పక్కింటి నూకరత్నం స్టేషన్లో సీతాఫలాలమ్ముతూ విని వచ్చి చెప్పేది. బాగుంటుంది మరి, అద్దం అవతల నుంచి. ఈ మంచు ఒక్క గుక్క లోపలికి పోతే నా రొమ్ములో ఎలా గీరుతుందో వాళ్ళకేం తెలుసు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మెల్లగా పీల్చాలి, మెల్లగా వదలాలి, ఆసుపత్రిలో నర్సమ్మ నేర్పింది, పువ్వు వాసన చూసినట్టు పీల్చు, వేడి అంబలి ఊదినట్టు వదులు అని. యాభై ఏళ్ళొచ్చాక ఊపిరి తీయడం నేర్చుకుంటున్నాను, అదీ నా బతుకు.

జబ్బు తగ్గడం ఇంత పనని నాకెవరూ చెప్పలేదు. జబ్బు ముదిరినప్పుడే నయం, పడుకుంటాం, ఎవరూ ఏమీ అడగరు, అడిగినా వినపడదు. తగ్గుతున్నప్పుడే అసలు గొడవ. మొహం నిండింది, బుగ్గలొచ్చాయి, గుడ్లు తిని గుడ్లు తిని ఒళ్ళు చేశావే అంటారు, అన్నవాళ్ళు నీళ్ళబిందె నా చేతికిచ్చి చూస్తే తెలుస్తుంది. బావి దగ్గర్నుంచి గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు దించుతాను. కాఫీ పళ్ళు కోయడానికి వెళితే బుట్ట మొలకి కట్టుకోగానే నడుం కాదు, ఊపిరి విరుగుతుంది, ఒక చెట్టు కోసి ఆ చెట్టు కిందే కూర్చుంటాను. దగ్గు లేదు, జ్వరం లేదు, రాత్రి చెమటలు లేవు, కాగితంమీద నేను బాగానే ఉన్నాను. ఒంట్లోనే లేను. అన్నింటికంటే పొయ్యి దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఊదుగొట్టం నోటికి పెట్టుకుని ఊదాను, నిప్పు లేవలేదు, బూడిదైనా కదల్లేదు. మా అమ్మ నన్ను అత్తారింటికి పంపుతూ ఇచ్చిన ఇనపగొట్టం అది, ముప్పై ఏళ్ళు పొద్దున్నే నా మొదటి ఊపిరి దాంట్లోకే పోయింది. ఆ రోజు మంగ్లు నా చేతిలోంచి దాన్ని లాక్కుని తను ఊదాడు. లే, పొగలో కూకోకు, డాలీ తిడతాది అన్నాడు. అప్పట్నుంచి పొయ్యి అతనిదే. నూకరత్నం చూసి గుమ్మంలోనే నిలబడిపోయి, ఏటి మంగ్లూ, కోడలు గుంటవైపోయినావేటి అని పకపకా నవ్వింది. అతనికి సిగ్గేం లేదు, అయిపోనాను, నీకేటి, వంకాయ కూర పెడతాను, తినేసి ఎల్లు అన్నాడు. అలాంటి మనిషి. ఊదినవాడు ఊదినట్టే దగ్గడం మొదలెట్టాడు.

కార్తీకంలో అది. మొదట పొగ అన్నాడు. తరవాత మంచు అన్నాడు. తరవాత నీ పేరే కారణం అన్నాడు. నేను సోమవారం పుట్టానని సోంబారి, అతను మంగళవారం పుట్టాడని మంగ్లు, పెళ్ళయిన కొత్తలో నువ్వు నాకంటే ఒకరోజు పెద్దదానివి, నువ్వే ముందు నడవాలి, నాను వెనకాల వత్తాను అని ఏడిపించేవాడు. సోమారం వచ్చేక మంగళారం రాకుంటాదేటి అని దగ్గుతూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆసుపత్రికి పోదాం పద అంటే కాఫీ పండిపోయింది, ఇప్పుడు పోతే పళ్ళు రాలిపోతాయి, కోత అయిపోనీ అన్నాడు. మనిషి నెమ్మది, మాట మాత్రం బండ. ఈ కూర్చున్న బండ కంటే బండ. నేను తోయలేను, తోయడానికి ఊపిరెక్కడిది.

అప్పుడు చేశాను ఆ పని. ఎందుకు చేశావు అని డాలీ అడిగితే ఏం చెబుతాను, ఆ గుంటకి అర్థమవుతుందా, అవుతుందేమో, ఆమెదీ ఈ ఊరే కదా. వాళ్ళ నాన్న ఏసు ప్రార్థన చేయించేవాడు గాని పండగనాడు వాళ్ళింటికీ ఆకు వెళ్ళేది. మా ఊళ్ళో మేకని కోస్తే ముప్పై రెండిళ్ళకీ ముప్పై రెండు అడ్డాకులు పరుస్తారు. కార్జం కూడా తుంచి తుంచి అన్ని ఆకుల్లోనూ పడాలి. ఊళ్ళో లేనివాడికి ఆకుంటుంది, జ్వరంతో ముద్ద దిగనివాళ్ళకి ఉంటుంది, నిన్న పుట్టిన పిల్లకీ ఉంటుంది. వాటా పెట్టకుండా తింటే ఎంత తప్పో, పెట్టిన వాటా వద్దంటే అంతకంటే తప్పు, నీతో నాకు పొత్తు లేదని మొహంమీద చెప్పినట్టే. మా నాన్నా, చిన్నాన్నా పన్నెండేళ్ళు మాటల్లేకుండా ఉన్నది ఒక ఆకు మాంసం తిరిగొచ్చినందుకే. మా అమ్మ చివరి రోజుల్లో, ఆమెదీ ఈ దగ్గే, అప్పుడు టీబీ అని ఎవరికి తెలుసు, కోడిని ఆమె చుట్టూ తిప్పి కొండమీద వదిలారు, ఆమె గుక్కెడు నీళ్ళు కూడా మింగలేకపోతున్నా పండగ వాటా తలదగ్గర పెట్టాం, చేత్తో దాన్ని తాకి నా వైపు తోసింది. తిను అని. తిన్నాను. అదే ఆమె నాకు పెట్టిన ఆఖరిది. అలా పెరిగినదాన్ని. పొద్దున్నే పరగడుపున మూడు ఎర్రబిళ్ళలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను, ఎదురుగా మంగ్లు పొయ్యి ఊదుతూ దగ్గుతున్నాడు, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. అతని ముందు నేనొక్కదాన్నే ఎలా మింగను? ముప్పై ఏళ్ళలో పనసతొన కూడా అతనికి పెట్టకుండా నోట్లో వేసుకోలేదు. ఒక బిళ్ళ తీసి ఇచ్చాను. ఇది నీ వాటా అన్నాను. అతను బిళ్ళని చూశాడు, నన్ను చూశాడు. నాకెందుకే, నీకిచ్చిన మందు అన్నాడు. దగ్గుతున్నావు గాదేటి, మింగు అన్నాను. నోట్లో వేసుకున్నాడు, చెంబెత్తి నీళ్ళు తాగాడు, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రోజూ అంతే. నాకు రెండు, అతనికి ఒకటి. ఇరవై ఆరు రోజులు. మొదటి రెండు నెలలూ డాలీ పొద్దున్నే వచ్చి ఎదురుగా నిలబడి మింగించేది, మింగేక నోరు తెరు సిన్నమ్మా, నాలికెత్తు అనేది, దొంగతనం చేసినదాన్ని సోదా చేసినట్టు, నాకు ఒళ్ళు మండేది. తరవాత పరీక్షలో పురుగు లేదని వచ్చాక, నువ్వు మంచి పేషెంటువి సిన్నమ్మా, నీమీద నాకు నమ్మకం అని నెలమందు ఒకేసారి చేతికిచ్చి, ఖాళీ అట్టలు చూసి వెళ్ళిపోయేది. అట్టలు ఖాళీగానే ఉండేవి. నేను అబద్ధమేం చెప్పలేదు, ఆమె అడగలేదు కాబట్టి. ఆమెకి మా ఊరితో కలిపి నాలుగూళ్ళు, కాళ్ళకి చెప్పులు అరిగిపోయాయి, ఆ గుంట నమ్మకాన్నీ నేను పంచిపెట్టేశాను.

ఎవరో వస్తున్నారు. నూకరత్నమే, నెత్తిన అడ్డాకుల కట్ట, నోరు ఖాళీగా ఉండలేదు.

"ఏటే సోంబారీ, బండమీద కోడిలాగ పొదిగేత్తన్నావు?"

"ఫోను కోసమే."

"స్వర్ణ సేత్తాదేటి? కొయ్యూరు నుంచి?"

"ఆఁ," అన్నాను. మా స్వర్ణ అత్తారిల్లు కొయ్యూరు దగ్గర. కూతురు చేసే ఫోనంటే ఎవరూ ఇంకేమీ అడగరు.

"బేగి మాటాడేసి దిగిపో, మంచు పీల్సకు. నీ మొగుడు కాఫీ పళ్ళు తిరగేత్తన్నాడు, నాలుగుసార్లు తిరగేత్తే నాలుగుసార్లు కూకున్నాడు. ఇద్దరూ సరిపోనారు."

వెళ్ళింది. ఆమె మాట అంతే గాని నేను ఆసుపత్రిలో ఉన్న పదిహేను రోజులూ మా మేకలకి మేత వేసింది ఆమే. నాలుగుసార్లు కూర్చున్నాడట. రాతితో చేసిన మనిషిలా బస్తా భుజాన వేసుకుని కొండ దిగేవాడు, కాఫీ పళ్ళు కర్రతో తిరగేయడానికి కూర్చుంటున్నాడు. ఎండ కూడా లేదు ఇవాళ, తిరగేసి ఏం లాభం, ఊరికే కూర్చోలేక. నేనిక్కడికి బయల్దేరుతుంటే నాను ఎల్తాను, నువ్వుండు అన్నాడు. వద్దన్నాను. అతను ముందు వినకూడదు, నేనే ముందు వినాలి. సోమవారమే ముందు.

పదకొండు అయిందా? ఫోన్లో టైము పది నలభై చూపిస్తోంది, అది సరిగా చూపిస్తుందో లేదో. బ్యాటరీ ఒక గడే ఉంది. ఆ రోజు బడి దగ్గర డాలీ అందర్నీ కూర్చోబెట్టి బొమ్మల పుస్తకం చూపించకపోయి ఉంటే నేనింకా ఇస్తూనే ఉండేదాన్ని. మందు సరిపడా పడకపోతే పురుగు చావదు, మందుకి అలవాటు పడిపోతుంది, ఆ తరవాత ఎంత మందేసినా దానికి లెక్కుండదు, అదే మొండి టీబీ, దానికి మందులు వేరు, పట్నం పోవాలి, ఎన్నాళ్ళకి తగ్గుతుందో ఇప్పుడే చెప్పలేం అంది. బొమ్మలో పురుగు కొమ్ములతో నవ్వుతోంది. పిల్లలు నవ్వారు. మూడు మింగాల్సిన చోట ఒకటి, మంగ్లుకి రోజుకొకటి పెట్టి ఆ పురుగుని నేనే మేపాను, పాలుపోసి పెంచాను. మర్నాటినుంచి మానేశాను. నీకు ఈ మందు పడదటలే అన్నాను. అతను సరే అన్నాడు, ఎందుకని అడగలేదు, ఇచ్చినప్పుడూ అడగలేదు, మానేసినప్పుడూ అడగలేదు. పది రోజులకి కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను తిప్పుతూ దగ్గితే గుడ్డలో నెత్తురు పడింది. అప్పుడిక కోతా లేదు ఏమీ లేదు, డాలీని పిలిచాను.

డాలీ అరుగుమీద కూర్చుని కాగితం నింపింది. పేరు, వయసు, బరువు. సిన్నాన్నా, ఇదివరకు ఎప్పుడైనా టీబీ మందులు మింగినావేటి అని అడిగింది. నేను చేటలో చోళ్ళు చెరుగుతున్నాను. నా చేతులు ఆగిపోయాయి. నేదు అన్నాడు మంగ్లు. నా వైపు చూడను కూడా చూడలేదు, గొంతు మారలేదు, నేదు, అంతే, ఎండొచ్చిందా అంటే రాలేదన్నట్టు. డాలీ రాసుకుంది. నేను మళ్ళీ చెరిగాను. అతను ఎన్నడూ అబద్ధమాడడు, సంతలో మేకకి కుంటు ఉంటే తనే చూపించి అమ్ముకునే మనిషి, నాకోసం ఆడాడు. నామీద మాట పడకుండా ఆడాడు. ఆ రాత్రి అతని పక్కన పడుకుని, డాలీ చెప్పినట్టు తలలు ఎడంగా పెట్టుకుని, థూ నీ బతుకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. డాలీకి నిజం తెలిస్తే డాక్టరు వేరే పరీక్ష రాస్తాడేమో, వేరే మందిస్తాడేమో, నేను చేటలో మొహం దాచుకున్నందుకు అతనికి తప్పుడు మందు పడుతుందేమో. రెండు రోజులుగా ఇదే తిరుగుతోంది నా బుర్రలో.

దానికితోడు ఆ పొగాకు డబ్బా. నాకు జబ్బు చేసినప్పుడు పొగాకు మానేస్తానని మా దేవతమీద ఒట్టేశాడు. అంతకుముందు పొద్దస్తమానం దవడన పెట్టుకుని తిరిగేవాడు, పెట్టుకున్నట్టే తెలిసేది కాదు, మాట్లాడేవాడు, నీళ్ళు తాగేవాడు, పాటకూడా పాడేవాడు, పొగాకు మాత్రం కదలకుండా దవడలో ఉండేది. మానేశాడు, నిజమే, నోరు వాసన లేదు. మరి డబ్బా ఎందుకు మొలలో? కార్తీకం నుంచి మళ్ళీ దోపుకుంటున్నాడు. మొదట్లో నడిస్తే గలగలమనేది. ఏటది అంటే సున్నంరాళ్ళు అన్నాడు. ఈమధ్య చప్పుడు లేదు, అంటే నిండా కుక్కాడన్నమాట. మొన్న రక్తం పడ్డాక అరిచాను, ఒట్టు తీసి గట్టుమీద పెట్టినావా, ఆ డబ్బా ఇలా ఇయ్యి అని. అరవడానికి ఊపిరి చాలక మధ్యలో ఆగిపోతే, నా వీపు రాశాడు. డబ్బా మాత్రం ఇవ్వలేదు. అతని మీద కోపం వస్తే బాగుండును, కోపం రావాలన్నా బలం కావాలి. అలిసిపోయాను. లోపలెక్కడో ఎముకల్లోంచి అలిసిపోయాను. నిద్రపోతే తీరే అలుపు కాదిది.

మోగింది. చేతిలోంచి జారబోయింది. కుడిచెవి, అంచున, కదలకుండా.

"సిన్నమ్మా, డాలీని. వినబడతన్నాదా?"

"సెప్పు."

"సిన్నాన్నకి టీబీ ఉన్నాది. కంగారు పడకు. మొండిది కాదు. మామూలుదే. నీకిచ్చినట్టే ఆరు నెలల మందు, రేపు పొద్దున్న నానే తెత్తాను. విన్నావా? సిన్నమ్మా?"

విన్నాను. మామూలుదే. గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది, ఏడుపో దగ్గో నాకే తెలియలేదు. మొండిది కాదు. ఇక ఊరుకోవచ్చు. ఫోను పెట్టేయొచ్చు, దిగిపోవచ్చు, ఎవరికీ తెలియదు, తెలిసిన అతను చెప్పడు. డాలీ అటుపక్క స్తోత్రం స్తోత్రం అని మెల్లగా అనుకుంటోంది, నాకోసమే. ఆ మాటే నన్ను ఊరుకోనివ్వలేదు.

"డాలీ, నాను ఒక తప్పు సేసినాను," అన్నాను. ఆగి ఊపిరి తీసుకున్నాను. "నా బిళ్ళల్లో ఒకటి రోజూ మీ సిన్నాన్నకి పెట్టినాను. ఇరవై ఆరు రోజులు."

ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను. సిగ్నల్ పోయిందనుకున్నాను.

"అయ్యో సిన్నమ్మా." అంది. "మరి నీకు? నువ్వు మూడు మింగవలసినదానివి, రెండే మింగినావన్నమాట. ఆయన సంగతి తరవాత, ముందు నీ సంగతి ఏటి? రేపు నువ్వు కూడా కఫం ఇయ్యాల. మళ్ళీ సూడాల."

నేనా. నాకు ఇంతవరకు తట్టనే లేదు. బడి దగ్గర బొమ్మ చూసినప్పుడు, మందు సరిపడా పడకపోతే అన్నప్పుడు, నాకు మంగ్లు నోరే కనబడింది గాని నా నోరు కనబడలేదు.

"ఒక మాట సెప్పు," అంది డాలీ. "ఆ రోజుల్లో ఆయనకి ఒంటేలు ఎర్రగా వచ్చినాదా? నీకు వచ్చినట్టు? ఒక్క బిళ్ళ మింగినా వత్తాది. తప్పకుండా వత్తాది సిన్నమ్మా. అడుగు. డాక్టరుకి సెప్పాల గదా, నాకు..." గరగరమంది. గీతలు పోయాయి. తరవాత వెలుగూ పోయింది.

ఎర్రగా. నాకు మొదటిసారి వచ్చినప్పుడు నెత్తురనుకుని మంగ్లుని కేకేసి పిలిచాను, అతనే డాలీ దగ్గరికి పరిగెత్తి కనుక్కుని వచ్చి, మందు రంగేనట, హోలీ ఆడుకో అని నవ్వాడు. అతనికి వచ్చి ఉంటే? ఆ నవ్వే మనిషి, మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఒకే రంగు అని నన్ను ఏడిపించకుండా ఉంటాడా? ఇరవై ఆరు రోజుల్లో ఒక్కసారైనా అనడా? అనలేదు. నోట్లో వేసుకునేవాడు, నీళ్ళు తాగేవాడు, పెరట్లోకి వెళ్ళేవాడు. రోజూ పెరట్లోకే ఎందుకు వెళ్ళేవాడు?

దగ్గు. కింద మలుపు దగ్గర. ఆ దగ్గు వేయి దగ్గుల్లో గుర్తుపడతాను. దగ్గు, ఆగడం, నాలుగడుగులు, మళ్ళీ దగ్గు. వద్దన్నా వస్తున్నాడు. మంచులోంచి ముందు ఆనపబుర్ర కనబడింది, తరవాత దాన్ని పట్టుకున్న చెయ్యి, తరవాత అతను. అంబలి తెచ్చాడు. బండకి అటు చివర, నాకు నాలుగు మూరల దూరంలో, గాలి అటునుంచి వీచకుండా చూసుకుని కూర్చున్నాడు. ముందు ఇద్దరికీ ఊపిరి అందాలి కదా.

"ఏటన్నాది?"

"ఉన్నాది. మొండిది కాదు. రేపు మందు తెత్తాది."

"అదే గదా," అన్నాడు. ముందే తెలిసినట్టు అన్నాడు.

"నీకు ఒంటేలు ఎర్రగా వచ్చినాదా, నాను బిళ్ళ పెట్టినప్పుడు?"

అతను కొండవైపు చూశాడు. కింద రైలు ఏ సొరంగంలోనో మళ్ళీ కూసింది. మొలలోంచి డబ్బా తీశాడు. మూత తుప్పుపట్టి ఊడలేదు, పళ్ళతో లాగాడు. బండమీద మా ఇద్దరి మధ్యా పెట్టి నా వైపు తోశాడు.

పొగాకు లేదు. బిళ్ళలు. బిళ్ళలు కూడా కావు, తడికీ మంచుకీ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఎర్రటి ముద్దైపోయాయి, పైన రెండుమూడు మాత్రం సగం ఆకారంతో ఉన్నాయి. డబ్బా అంచులన్నీ ఎరుపు. దవడన పొగాకు దాచుకున్న నోరు అది. నా ఎదురుగా నీళ్ళు తాగి, నా ఎదురుగా మాట్లాడి, పెరట్లోకి వెళ్ళి డబ్బాలో ఉమ్మేవాడు. నేదు అని డాలీతో అన్నది అబద్ధం కాదు. ఆ మనిషి ఆ రోజు కూడా నిజమే చెప్పాడు.

"వద్దని ఎందుకు సెప్పనేదు?"

"వాటా పెడితే వద్దంటామేటే?" అన్నాడు. దగ్గి, గుడ్డతో నోరు తుడుచుకున్నాడు. "నీ మందు నాను మింగేత్తే నీకేటి మిగుల్తాది? ఆర్నెల్లైపోతే డాలీ ఇవ్వదు గదా. నీకు మళ్ళీ దగ్గొత్తే ఉంటాయని దాసినాను. విత్తనాలు దాసినట్టు. ఇలగ కరిగిపోతాయని నాకేటి తెలుసు."

తిట్టాలనిపించింది. ఓరి నీ తెలివి తెల్లారా, నువ్వు మింగలేదు, నేను మింగలేదు, ఇరవై ఆరు బిళ్ళలు ఎవరికి పెట్టాం మనం? కొట్టాలనిపించింది కూడా. ఏ ఒక్కటీ చేసే ఓపిక లేక ఏడ్చాను. అతను దగ్గరికి రాబోయి, దూరం గుర్తొచ్చి ఆగిపోయాడు. భయం ఇటు తిరిగింది ఇప్పుడు, రేపు కఫం డబ్బీలో ఉమ్మాల్సింది నేను, మొండిదైతే నాలో అయి ఉంటుంది. విచిత్రం, పొద్దుటినుంచి మోసినంత బరువుగా లేదిది. నాది కదా. కానీ అతని మొహం చూస్తే నేను ఎక్కుతూ మోసిన బరువంతా ఇప్పుడు అక్కడుంది, నావల్లేనా అని. దాన్ని నేను దించలేను.

నూకరత్నం కట్టలోంచి జారిపడిన రెండు అడ్డాకుల్ని దొన్నెలు కుట్టాను. మామూలుగా ఒకే బుర్ర, నా తరవాత అతను, అతని తరవాత నేను. ఇవాళ రెండు దొన్నెల్లో పోశాను, ఒకటి అతని వైపు తోశాను. అంబలి గోరువెచ్చగా ఉంది, పొయ్యి ఊది కాచాడు, దగ్గుతూనే ఊది ఉంటాడు.

"రేపట్నుంచి నువ్వు మింగినప్పుడు నాను సూడాల," అన్నాను.

"సూడు."

"నోరు తెరాల. నాలికెత్తాల. డాలీకి సూపించినట్టు."

అతను దొన్నె దించాడు. అక్కడికక్కడే, బండమీద, మంచులో, నోరు పెద్దగా తెరిచాడు. నాలుక ఎత్తాడు. రెండు దవడలూ వేలితో సాగదీసి చూపించాడు, కుడిది, ఎడమది. పొగాకు కాటేసిన పళ్ళు, అంబలి తెలుపు, ఇంకేమీ లేదు. నేను వంగి బాగా చూశాను.

"ఇప్పుడు నువ్వు," అన్నాడు.

తెరిచాను.